లోపం ఎక్కడ? కొడిమ్యాల ప్రాంతంలో టెలిఫోన్ తీగ నుంచి ఇంటి రూటర్ దాకా

ఇంట్లోని రూటర్ మాటిమాటికీ ఇంటర్నెట్‌ను పోగొట్టుకోవడం ఈ దశాబ్దపు చికాకుగా కనిపిస్తుంది గానీ, దూరం నుంచి వచ్చే తీగ మీద ఆధారపడిన ప్రతి తరమూ అదే చికాకును ఏదో ఒక పరికరంతో అనుభవించింది. రూటర్ అంటే బయటినుంచి వచ్చే ఒకే కనెక్షన్‌ను ఇంట్లోని ఫోన్లకు, టీవీకి, కంప్యూటర్‌కు పంచి, ఏ పరికరం అడిగిన సమాచారం దానికే చేరేట్టు చూసే చిన్న పెట్టె. దానికి ముందు అదే గోడ మీద మోడెమ్ ఉండేది, అంతకు ముందు టెలిఫోన్ ఉండేది, ఇంకా ముందు ఊరికి దూరంగా ఎక్కడో ఒక తంతి కార్యాలయం ఉండేది. తీగలూ పెట్టెలూ ఇన్నిసార్లు మారినా లోపం వెదికే పద్ధతి మాత్రం దాదాపు నూట డెబ్బై ఏళ్లుగా ఒకటే: లైన్‌ను భాగాలుగా విడదీయడం, బాగున్న భాగాన్ని పక్కన పెట్టడం, మిగిలిన భాగంలో మళ్లీ అదే పని చేయడం. మారింది ఆ పని చేయవలసిన మనిషి. జగిత్యాలకూ వేములవాడకూ నడుమ, కొండగట్టు గుట్టల పక్కన ఉన్న కొడిమ్యాల ప్రాంతపు అనుభవాన్ని ఆధారంగా చేసుకొని చూస్తే, ప్రభుత్వ లైన్‌మన్ చేతిలోని పని మెల్లమెల్లగా ఇంటివారి చేతికి ఎట్లా వచ్చిందో స్పష్టమవుతుంది.

తంతి కాలపు పద్ధతి

భారతదేశంలో తంతి ప్రయోగాలు 1839లో కలకత్తా దగ్గర విలియం ఓషానెస్సీ అనే వైద్యుడి చేతుల మీదుగా మొదలయ్యాయి. 1850 దశకంలో కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసులను కలుపుతూ లైన్లు పడ్డాయి. ఐరోపాలో వాడే సన్నని తీగ ఇక్కడ పనికిరాదని, కోతులూ పెద్ద పక్షులూ ఎక్కి కూర్చున్నా తట్టుకునే మందపు ఇనుప తీగ కావాలని ఆయన మొదట్లోనే గ్రహించాడు. కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిలో కోతుల గుంపులను చూసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. 2015లో వారణాసి గంగాతీరంలో వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లను కోతులు కొరికి పాడుచేసిన సంగతి పత్రికలకెక్కింది కాబట్టి, ఆ ఇబ్బంది తంతితో పాటు పోలేదని చెప్పవచ్చు.

తంతి ఇంజినీర్లు లోపాలను మూడు రకాలుగా విభజించారు. మొదటిది తీగ తెగిపోవడం. రెండవది తీగ నేలకో తడిసిన చెట్టుకొమ్మకో తగిలి విద్యుత్తు భూమిలోకి జారిపోవడం. మూడవది పక్కపక్కనున్న రెండు తీగలు ఒకదానికొకటి తగలడం. ఇవి ఎడతెగకుండా ఉంటే కనిపెట్టడం తేలిక. గాలి వీచినప్పుడు మాత్రమే తగిలి, గాలి ఆగగానే విడిపోయే లోపమే ఆనాటి నుంచి ఈనాటి దాకా అన్నిటికంటే కష్టమైనది. ఇందుకోసం దారి పొడవునా పరీక్షా స్థానాలు ఏర్పరచి, ఒక్కో స్థానంలో లైన్‌ను విడదీసి, అటువైపు బాగున్నదా ఇటువైపు బాగున్నదా అని తేల్చుకునేవారు. భూమిలో పాతిన కేబుల్ విషయంలో కంటితో చూసే వీలు లేదు కనుక, బాగున్న తీగతో పాడైన తీగను ఒక చివర కలిపి, రెండవ చివర నుంచి విద్యుత్ నిరోధాన్ని కొలిచి, లోపం ఎన్ని గజాల దూరంలో ఉన్నదో లెక్కగట్టే పద్ధతి పందొమ్మిదో శతాబ్దిలోనే వచ్చింది; దాన్ని మర్రే లూప్ పరీక్ష అంటారు. నేడు ఫైబర్‌లోకి కాంతిని పంపి, వెనక్కు తిరిగివచ్చిన కాంతిని బట్టి తెగిన చోటును మీటర్లలో చూపే ఓటీడీఆర్ అనే యంత్రం కూడా అదే ప్రశ్నకు జవాబు చెబుతుంది.

నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా శాఖ, సొంత స్టాంపులు ఉండేవి; అది 1950లో భారత తపాలా శాఖలో కలిసింది. అప్పటి నుంచి కరీంనగర్ జిల్లాలోని ఈ పల్లెలకు ఉత్తరం, తంతి, టెలిఫోను మూడింటికీ తపాలా తంతి శాఖే దిక్కు. 1985లో టెలికమ్యూనికేషన్ల శాఖ వేరుపడింది, 2000 అక్టోబరు 1న దాని సేవలు బీఎస్ఎన్ఎల్ సంస్థగా రూపొందాయి, 2013 జూలైలో తంతి సేవ దేశమంతటా నిలిచిపోయింది. తంతి నేర్పిన విడదీసి చూసే అలవాటు మాత్రం టెలిఫోన్ సిబ్బందికి వారసత్వంగా మిగిలింది.

ఎక్స్ఛేంజీ, స్తంభం, లైన్‌మన్

చాలాకాలం టెలిఫోన్ పట్టణపు సౌకర్యంగానే ఉండి, పల్లెకు రావడం ఎంతో ఆలస్యమైంది. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ తయారుచేసిన 128 లైన్ల గ్రామీణ ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీని మొదటిసారి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పారు. దుమ్మును, ఎండను, అంతంతమాత్రపు కరెంటును తట్టుకొని, ఏసీ గది అవసరం లేకుండా పనిచేయడం దాని ప్రత్యేకత. ఆ తరహా చిన్న ఎక్స్ఛేంజీలు 1990 దశకంలో మండల కేంద్రాలకు, పెద్ద గ్రామాలకు చేరడంతో పల్లె ఇంట్లో ఫోను మోగడం మొదలయింది. ఉత్తర తెలంగాణలో ఆ ఎక్స్ఛేంజీలకు ఇంకొక ముప్పు కూడా ఉండేది: తీవ్రవాద ఉద్యమ కాలంలో గ్రామాల్లోని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను పేల్చివేసిన ఘటనలు జరిగాయి, అట్లాంటి రోజున లోపం ఎక్కడున్నదో వెదకవలసిన పని ఉండేది కాదు.

ఎక్స్ఛేంజీ నుంచి ఇంటికి వచ్చే దారిని ఒకసారి పరిశీలించాలి. ఎక్స్ఛేంజీ లోపల అన్ని లైన్లూ ఒకచోట చేరే పెద్ద చట్రాన్ని ఎండీఎఫ్ అంటారు. అక్కడి నుంచి రాగి తీగల జతలతో కూడిన కేబుల్ భూమిలో సాగి వీధి పక్కనున్న పిల్లర్ పెట్టెకు, అక్కడి నుంచి స్తంభం మీది డీపీ అనే చిన్న పెట్టెకు చేరుతుంది. డీపీ నుంచి గాలిలో వేలాడుతూ ఇంటికి వచ్చే జంట తీగను డ్రాప్ వైర్ అంటారు. ఫోను పనిచేయకపోతే పక్కింటి ఫోను నుంచి 198 నంబరుకు ఫిర్యాదు చేసేవారు. ఎక్స్ఛేంజీలోని పరీక్షా బల్ల దగ్గర ఉద్యోగి ఆ లైన్‌ను కొలిచి, తెగిందా, తడిసిందా, రెండు తీగలు కలిశాయా అని ప్రాథమికంగా తేల్చేవాడు. ఆ తర్వాత లైన్‌మన్ చేతి ఫోనుతో డీపీ దగ్గర పరీక్షించేవాడు: అక్కడ డయల్ టోన్ వినిపిస్తే లోపం ఇంటివైపు, వినిపించకపోతే ఎక్స్ఛేంజీ వైపు. తర్వాత పిల్లర్ దగ్గర, అవసరమైతే ఎండీఎఫ్ దగ్గర అదే పరీక్ష జరిగేది.

ఈ ఏర్పాటులో గమనించవలసినవి రెండు ఉన్నాయి. ఒకటి, తొలి దశాబ్దాల్లో ఇంట్లోని ఫోను పెట్టె సైతం శాఖ ఆస్తే కాబట్టి, లోపం గోడకు ఇవతల ఉన్నా అవతల ఉన్నా బాధ్యత శాఖదే. రెండు, ఫోనుకు కావలసిన 48 వోల్టుల విద్యుత్తు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి అదే రాగి తీగ మీద వచ్చేది. ఊరంతా చీకటిగా ఉన్నా ఫోను మోగేది. అంటే ఇంటివారు చేయవలసింది ఫిర్యాదు, ఆ తర్వాత ఎదురుచూపు. ఎదురుచూపు రోజుల తరబడి సాగినా, పని ఎవరిదన్న సందేహం మాత్రం ఉండేది కాదు.

గల్ఫ్ కాల్ తెచ్చిన ఒత్తిడి

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో లైన్ చెడిపోవడానికి ఉన్న బరువు వేరు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకోవడంతో, వర్షాధారపు సాగు మీద, మగ్గం మీద, బీడీల మీద బతుకుతున్న ఈ ప్రాంతం నుంచి మగవాళ్లు దుబాయ్‌కి, సౌదీకి, మస్కట్‌కు, కువైట్‌కు వలసపోవడం మొదలుపెట్టారు. మొదట ఉత్తరాలు, ఊరికి వచ్చేవారి చేత పంపిన మాటల క్యాసెట్లు; తర్వాత ఎస్టీడీ, ఐఎస్డీ బూతులు. సొంత ఫోను లేనివారు పక్కింటి నంబరునో కిరాణా దుకాణం నంబరునో పీపీ నంబరుగా రాసిచ్చేవారు. గల్ఫ్‌లో సెలవుదినమైన శుక్రవారం ఆ ఫోను దగ్గర ఇంటివారు కాచుకొని ఉండేవారు. అట్లాంటి ఫోను చెడిపోతే ఒక వాడలోని ఎన్నో కుటుంబాలకు మాట ఆగిపోయేది.

ఇంటర్నెట్ ఈ అవసరం మీదనే పల్లెకు వచ్చిందనడం అతిశయోక్తి కాదు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ సంస్థ దేశంలో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్‌ను నగరాల్లో ప్రారంభించింది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ ద్వారా మాట్లాడడానికి చట్టబద్ధమైన అనుమతి రావడంతో, పట్టణాల్లోని నెట్ సెంటర్లు ఐఎస్డీ బూతు కంటే ఎంతో తక్కువ ఖర్చుతో మాట్లాడే చోట్లయ్యాయి. ఇక్కడే లోపానికి కొత్త చిరునామాలు పుట్టుకొచ్చాయి. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా తీరం దగ్గర సముద్రగర్భ కేబుళ్లు తెగి, ఆ వెంటనే దుబాయ్ సమీపంలో ఫాల్కన్ అనే మరో కేబుల్ దెబ్బతినడంతో భారతదేశానికీ గల్ఫ్‌కూ ఇంటర్నెట్ మందగించింది. ఇంట్లో, స్తంభం మీద, ఎక్స్ఛేంజీలో అన్నీ సరిగ్గా ఉండి కూడా పని జరగకపోవచ్చునని అటువంటి రోజులు చూపాయి.

ఇంకొక చిరునామా మరీ విచిత్రమైనది. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌ను అక్కడి నిబంధనలు అనుమతించవు కాబట్టి ఈ ప్రాంతపు కుటుంబాలు ఐఎంఓ, బోటిమ్ వంటి యాప్‌లను ఆశ్రయించాయి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఇట్లాంటి కాల్స్ మీది నిషేధాన్ని చాలావరకు ఎత్తివేసింది. మెసేజ్ పోతూ కాల్ మాత్రం కలవకపోతే రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే అడ్డు ఉన్నది తీగలో కాదు, మరొక దేశపు చట్టంలో.

రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్

2004 అక్టోబరులో వెలువడిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు కనీసం 256 కిలోబిట్ల వేగంతో ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్‌ను బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో ఆ సేవను మొదలుపెట్టింది. అంతకు ముందటి డయల్-అప్ పద్ధతిలో కంప్యూటర్ ఫోను చేసినట్టే నంబరు కలిపి ఇంటర్నెట్‌లోకి వెళ్లేది, ఆ సేపు ఫోను పనిచేసేది కాదు. లైన్ తెగితే మళ్లీ డయల్ చేయడమే మందు. డేటావన్ వాడిన ఏడీఎస్ఎల్ అనే పద్ధతిలో మాట తక్కువ పౌనఃపున్యాల్లోను, ఇంటర్నెట్ సమాచారం ఎక్కువ పౌనఃపున్యాల్లోను ఒకే రాగి తీగ మీద పక్కపక్కనే ప్రయాణిస్తాయి. రెండింటినీ వేరుచేసే చిన్న పెట్టెను స్ప్లిటర్ అంటారు. ఎక్స్ఛేంజీలో డీఎస్‌ల్యామ్ అనే యంత్రం, ఇంట్లో మోడెమ్ ఒకదానితో ఒకటి నిరంతరం సంభాషిస్తూ ఉంటాయి.

మాట కోసం వేసిన తీగ మీద ఇంత సున్నితమైన పని మోపినప్పుడు, ఇంతకాలం ఎవరూ పట్టించుకోని చిన్న లోపాలన్నీ బయటపడ్డాయి. చేత్తో మెలివేసిన అతుకు కొద్దిగా తుప్పు పట్టినా ఫోనులో కొంచెం గరగర మాత్రమే వినిపించేది, ఇంటర్నెట్ మాత్రం గంటకు పదిసార్లు తెగేది. వాన పడితే డ్రాప్ వైర్ పగుళ్లలోకి నీరు చేరి లైన్ నాణ్యత పడిపోయేది, ఎండ కాస్తే తిరిగి సరయ్యేది. స్ప్లిటర్ లేకుండా ఇంకొక గదిలో ఫోను తగిలిస్తే, ఆ ఫోను మోగిన ప్రతిసారీ నెట్ పోయేది. ఎక్స్ఛేంజీకి సుమారు అయిదు కిలోమీటర్లకు మించి దూరమున్న ఇంటికి సేవ అందడమే కష్టంగా ఉండేది. కొండల పక్కన విడివిడిగా పరుచుకున్న పల్లెలకు ఈ కొలత పెద్ద అడ్డంకి.

ఇక్కడే మొదటిసారిగా లోపం వెదికే పరికరం ఇంటివారి చేతికి వచ్చింది. మోడెమ్ మీది చిన్న దీపాలు లైన్‌మన్ చేతి ఫోను చేసిన పనినే చేసేవి. ఏడీఎస్ఎల్ దీపం నిలకడగా వెలగకుండా మిణుకుమిణుకుమంటే లోపం రాగి తీగలో. అది నిలకడగా ఉండి ఇంటర్నెట్ దీపం వెలగకపోతే లోపం వాడుకరి పేరులోనో పాస్‌వర్డ్‌లోనో సంస్థ సర్వర్‌లోనో. బ్రౌజర్‌లో మోడెమ్ చిరునామా కొట్టి లోపలికి వెళితే సంకేతానికీ రొదకూ మధ్య ఎంత ఎడం ఉన్నదో డెసిబెళ్లలో కనిపించేది. ఆ ఎడం సుమారు 6 డెసిబెళ్ల కిందికి పడితే కనెక్షన్ నిలవదని తెలిసినవారు గుర్తుపట్టేవారు. ఆ అంకెలు ఎక్స్ఛేంజీలోని పరీక్షా బల్ల మీద కనిపించవలసినవి; వాటిని చదవడం మాత్రం ఇంటివారికి నేర్పినవారు లేరు. కొడిమ్యాల మండలంలోని నాచుపల్లిలో 2007లో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడింది. నెట్‌వర్క్‌ల పాఠం మండలంలోనే చెబుతున్నా, ఆ పాఠం ఇంటింటికీ చేరే ఏర్పాటు లేకపోవడం ఈ కాలపు లక్షణం.

ఫైబర్, కేబుల్ ఆపరేటర్, కరెంటు స్తంభం

రాగి తీగ స్థానంలోకి గాజు పోగు రావడంతో కథ మళ్లీ మలుపు తిరిగింది. ఆప్టికల్ ఫైబర్ అంటే లోపల సుమారు 9 మైక్రాన్ల మందంలో కాంతి ప్రయాణించే గాజు పోగు. 1990 దశకంలో టీవీ చానళ్ల కోసం వీధుల్లో తీగలు కట్టిన కేబుల్ ఆపరేటర్లు, డిజిటల్ ప్రసారాలు తప్పనిసరి అయిన తర్వాత ఇంటర్నెట్ సంస్థల స్థానిక ప్రతినిధులుగా మారారు. 2016లో జియో రాకతో మొబైల్ డేటా చవకై, 2019లో జియోఫైబర్ వచ్చాక ఇంటికి ఫైబర్ అన్నది చిన్న పట్టణాలకూ పాకింది. అదే కాలంలో 2016 అక్టోబరు 11న జగిత్యాల వేరే జిల్లా అయి, కొడిమ్యాల అందులో భాగమయింది.

ఇళ్లకు వచ్చే ఫైబర్ చాలావరకు జీపాన్ అనే పద్ధతిలో పనిచేస్తుంది. ఇందులో ఆపరేటర్ కార్యాలయం నుంచి వచ్చే ఒకే పోగును దారిలో కరెంటు అక్కరలేని స్ప్లిటర్ల సాయంతో 32 ఇళ్ల దాకా చీలుస్తారు, ఇంటి చివర ఓఎన్‌టీ అనే పెట్టె కాంతిని విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. పెట్టెకు చేరే కాంతి బలం సుమారు మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. అది చాలకపోతే ఎల్ఓఎస్ అనే ఎర్ర దీపం వెలుగుతుంది. ఎర్ర దీపం స్థిరంగా వెలిగితే దారిలో పోగు తెగిందని అర్థం. అప్పుడప్పుడు వెలిగి ఆరిపోతుంటే మేకు మూలన మరీ ఒంచి కట్టిన పోగు, కనెక్టర్ చివర చేరిన ధూళి, సరిగా అతకని జాయింటు వంటివాటిని అనుమానించాలి. తొమ్మిది మైక్రాన్ల దారికి దుమ్ము రేణువు ఒక్కటి అడ్డం పడినా చాలు. గాలికి ఊగే తంతి తీగ ఆనాటి ఇంజినీర్లను ఎట్లా సతాయించిందో, ఒంపులో బిగిసిన పోగు నేటి ఆపరేటర్‌ను అట్లాగే సతాయిస్తుంది.

ఫైబర్ తెగే కారణాలు ఈ ప్రాంతపు అభివృద్ధి చరిత్రతోనే ముడిపడ్డాయి. కరీంనగర్–జగిత్యాల రహదారి, జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు పోయే 63వ నంబరు జాతీయ రహదారి, 2016 నుంచి ఊరూరా తవ్విన మిషన్ భగీరథ పైపులైన్లు—తవ్వకం జరిగిన ప్రతిచోటా భూమిలోని కేబుల్‌కు జేసీబీ పంటి గండం ఉంటుంది. అదే భగీరథ కందకాల్లో పైపుతో పాటు ఫైబర్ గొట్టాన్ని కూడా వేసి పల్లెలకు ఇంటర్నెట్ ఇవ్వాలన్నది తెలంగాణ టీ-ఫైబర్ ఆలోచన. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఫైబర్‌ను విద్యుత్ స్తంభాల మీదుగా తీసుకెళ్లి 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించింది. భూమిలో వేసిన పోగుకు తవ్వకం శత్రువైతే, గాలిలో కట్టిన పోగుకు తుపాను, కోతి, ఎత్తయిన లారీ శత్రువులు. తవ్వేముందు భూమిలోని కేబుళ్ల యజమానులకు సమాచారం చేరేందుకు కేంద్రం 2023 మార్చిలో ఒక యాప్‌ను ప్రవేశపెట్టింది.

స్తంభం మీద కట్టిన తీగ ఎవరిది అన్న ప్రశ్న 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విషాదంగా ముందుకు వచ్చింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి అయిదుగురు మరణించిన తర్వాత, స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తొలగించడం మొదలుపెట్టగా నగరంలో వేల ఇళ్లకు ఇంటర్నెట్ ఆగింది. ఆ ఇళ్లలో రూటర్లు చెడలేదు, ఆపరేటర్ యంత్రాలు చెడలేదు. స్తంభం మీద హక్కు తేలకపోవడమే లోపం.

కరెంటు విషయంలో ఫైబర్ ఒక పాత భరోసాను తీసివేసింది. గాజు పోగు విద్యుత్తును మోయలేదు కాబట్టి ఇంట్లోని పెట్టెకు ఇంటి కరెంటే ఆధారం. 1970లో మొదలై, దేశంలోని తొలి అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటిగా నిలిచిన సిరిసిల్ల సెస్ పరిధిలోని ఇల్లయినా, ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోని కొడిమ్యాల ఇల్లయినా, క్షణం సేపు వోల్టేజీ పడిపోతే రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. మోటారు వేసినప్పుడల్లా నెట్ పోతున్నదంటే వెదకవలసింది కరెంటులోనే. రూటర్‌తో వచ్చే 12 వోల్టుల అడాప్టర్ పాతబడి బలం తగ్గినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అన్ని దీపాలూ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగితే లోపం విద్యుత్తుది, ఇంటర్నెట్ దీపం ఒక్కటే ఆరితే లోపం లైన్‌ది. చిన్న యూపీఎస్ పెట్టడం ఎక్స్ఛేంజీ బ్యాటరీ ఒకప్పుడు చేసిన పనిని ఇంటివారు తమ ఖర్చుతో చేసుకోవడమే.

గోడల మధ్య చివరి మజిలీ

పెట్టె నుంచి ఫోను దాకా ఉన్న దూరం చిన్నదే అయినా లోపాలకు నెలవు. వైఫైకి మూలమైన ప్రమాణం 1997లో రూపొందింది. భారతదేశం 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను, 2018లో 5 గిగాహెర్ట్జ్ శ్రేణిలోని మరికొన్ని తరంగాలను లైసెన్సు అక్కరలేకుండా వాడుకొనే వీలు కల్పించింది. మొదటిది గోడలను దాటి దూరం పోతుంది గానీ పక్కింటి రూటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు, బ్లూటూత్ పరికరాలు అన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోదగిన చానళ్లు 1, 6, 11 అనే మూడే. రెండవది వేగమైనది, రద్దీ తక్కువ, కానీ గోడకు తొందరగా నీరసిస్తుంది. గల్ఫ్ సంపాదనతో పెంకుటిళ్ల స్థానంలో ఇనుప చువ్వల స్లాబులతో అంతస్తుల ఇళ్లు లేచిన ఊళ్లలో, కింది గదిలోని రూటర్ మీది అంతస్తుకు అందకపోవడానికి ఆ స్లాబే కారణం కావచ్చు.

తీగను విడదీసినట్టే ఇక్కడా విడదీసి చూడాలి. లాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపినప్పుడు కూడా కనెక్షన్ పోతే లోపం రూటర్‌లోనో బయటి లైన్‌లోనో, వైఫైలో మాత్రమే పోతే లోపం ఇంట్లోని వైఫైది. ఇంకొంచెం సూక్ష్మంగా చూడడానికి పింగ్ అనే ఆజ్ఞ ఉన్నది; 1983 డిసెంబరులో అమెరికాలో మైక్ మూస్ రాసిన ఈ చిన్న ప్రోగ్రామ్ ఒక చిరునామాకు కబురు పంపి జవాబు రావడానికి పట్టిన కాలాన్ని మిల్లీసెకన్లలో చూపుతుంది. మొదట రూటర్ చిరునామాకు, తర్వాత బయటి చిరునామాకు పింగ్ చేస్తే, డీపీ దగ్గర చేతి ఫోనుతో తేల్చిన సంగతే తేలుతుంది. అంకెల చిరునామాకు జవాబు వచ్చి పేరుతో వెబ్‌సైటు తెరుచుకోకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర లోపం. రెండూ పనిచేస్తూ సాయంత్రాలు మాత్రమే మందగిస్తే అది రద్దీ. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో కేవలం 400 గజాల దూరంలో ఉన్న రెండు సంస్థల నడుమ రద్దీ వల్ల వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయిన ఘటన తర్వాతే, రద్దీని గమనించి పంపే వేగాన్ని తగ్గించుకునే నియమాలను వాన్ జాకబ్‌సన్ రూపొందించాడు.

కొవిడ్ కాలంలో ఈ పరిజ్ఞానం అవసరం ఒక్కసారిగా పెరిగింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి, ప్రైవేటు బడుల పాఠాలు ఫోన్లలోకి, రూటర్లలోకి వచ్చాయి. ఇంటి పెద్ద వేరే దేశంలో ఉన్న కుటుంబాల్లో ఏ దీపం ఏ రంగులో ఉన్నదో చూసి చెప్పే పని ఇంట్లో మిగిలిన ఆడవాళ్ల మీద, ముసలివాళ్ల మీద, పిల్లల మీద పడింది. 198కి ఫిర్యాదు చేసిన తరానికి ఎన్నడూ అక్కరలేని నైపుణ్యం ఇది.

బాధ్యతకు గీసిన గీత

1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో బ్రాడ్‌బ్యాండ్ సేవా నాణ్యతకు కొలమానాలు విధించింది: లోపాల్లో 90 శాతానికి పైగా మరుసటి పనిదినం లోగా, 99 శాతం మూడు పనిదినాల లోగా సరిచేయాలి, ఆలస్యమైతే బిల్లులో తగ్గింపు ఇవ్వాలి. 2024 అక్టోబరు నుంచి ఇటువంటి నిబంధనలన్నిటినీ ఒకేచోట చేర్చిన కొత్త నిబంధనావళి అమలులోకి వచ్చింది. పూర్తిగా ఆగిపోయిన లైన్ ఈ కొలతలకు తేలికగా దొరుకుతుంది. రోజుకు పదిసార్లు రెండేసి నిమిషాలు పోయి వచ్చే కనెక్షన్ దొరకదు. మనిషి వచ్చేసరికి అది పనిచేస్తూ ఉంటుంది, ఫిర్యాదు పరిష్కృతమైనట్టు నమోదవుతుంది. ఆపరేటర్ రూటర్‌ను అంటాడు, రూటర్ అమ్మినవారు కరెంటును అంటారు, చివరికి ఇంటివారు పెట్టెను ఆపి వేయడంతో సరిపెట్టుకుంటారు. ఆపి వేస్తే పాత సెషన్ చెరిగి, కొత్త చిరునామా పొంది, వేడెక్కిన పెట్టె కాసేపు కుదుటపడుతుంది గానీ, లోపం ఏ భాగంలో ఉన్నదన్న సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. అందువల్ల ఆపే ముందు దీపాల రంగు, సమయం, ఆ పూట వాన పడిందా, కరెంటు ఆడిందా అన్నవి ఒక కాగితం మీద రాసుకోవడం ఒకప్పుడు పరీక్షా బల్ల దగ్గర రాసిన రిజిస్టరుకు సాటి వస్తుంది. నాలుగు రోజుల అటువంటి రాత ముందుంటే లోపాన్ని మరొకరి మీదికి నెట్టడం ఎవరికైనా కష్టమవుతుంది.

2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం టీ-ఫైబర్ సేవలను కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని, ఇప్పటి పెద్దపల్లి జిల్లాకు చెందిన అడవి శ్రీరాంపూర్ వాటిలో ఒకటి. ఇటువంటి పథకాలను వేసిన కిలోమీటర్లతో, కలిపిన పంచాయతీలతో లెక్కించడం పరిపాటి. ఈ ప్రాంతపు అనుభవం వేరొక కొలతను సూచిస్తుంది. రాగి తీగల వ్యవస్థ నెమ్మదైనదే, దానికోసం ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చింది, అయినా దానికి లోపం వెదికే ఒక వృత్తి, దానికి ఒక నంబరు, ఒక పరీక్షా బల్ల, ఊళ్లవారు పేరుపెట్టి పిలిచే ఒక లైన్‌మన్ ఉండేవారు. ఫైబర్ వేగాన్ని తెచ్చి ఆ వృత్తిని ఆపరేటర్‌కు, విద్యుత్ సంస్థకు, యాప్‌లకు, ఇంటివారికి ముక్కలుముక్కలుగా పంచిపెట్టింది. కొత్త లైన్ మండలానికి చేరినప్పుడు, ఓఎన్‌టీ పెట్టె వరకు ఎవరి పూచీ, ఆ తర్వాత ఎవరి పూచీ, ఆగి ఆగి వచ్చే లోపాన్ని ఎవరు ఎన్ని రోజులు కనిపెట్టి చూడాలి అన్నవి ఒప్పందంలోనే రాసి, పంచాయతీకొకరికి ఆ పరీక్షలు నేర్పితే తప్ప, ఎన్ని కిలోమీటర్ల గాజు పోగు వేసినా ఇంటివారికి మిగిలేది పెట్టెను ఆపి వేయడమే.